ఏజెంటు కంటే ముందు మనం ఆ గుమ్మం ఎక్కాలి: గోదావరి డెల్టాలో మనుషుల అక్రమ రవాణాపై అవగాహన కల్పించడం ఎలా?

నర్సాపురం రేవులో పంటు ఎక్కి వశిష్ఠ దాటి సఖినేటిపల్లి వైపు దిగితే, కొబ్బరి తోటల మధ్య గల్ఫ్ డబ్బుతో లేచిన డాబాలు కనిపిస్తాయి. రాజోలు, మలికిపురం, అమలాపురం, ఇవతల పాలకొల్లు, ఆచంట వైపూ అంతే. ఆ డాబాలు నిజం. అదే దారిన వెళ్ళి జీతం అందక, పాస్‌పోర్టు చేతిలో లేక, ఇంటికి ఫోను చేసుకునే వీలైనా లేక ఇరుక్కుపోయిన ఆడవాళ్ళ ఇళ్ళు ఆ వెనక వీధిలోనే ఉంటాయి. అవీ నిజమే. అవగాహన పనికి దిగేవారు ఈ రెండు నిజాలనూ కలిపి చెప్పాలి. రెండోది ఒక్కటే చెబితే ఊరు మన మాట నమ్మదు, ఎందుకంటే మొదటిది దాని కళ్ళ ముందే ఉంది.

ఏటా జులై 30ని మనుషుల అక్రమ రవాణా వ్యతిరేక దినంగా పాటించాలని ఐక్యరాజ్య సమితి 2013లో తీర్మానించింది. ఆ రోజు ర్యాలీలు, ఫ్లెక్సీలు, ప్రతిజ్ఞలు ఉంటాయి. ఉండనివ్వండి. కానీ నవంబరులో వడ్డీ కట్టలేక సతమతమవుతున్న ఇంటికి వరసకు పిన్ని అయ్యే మనిషి వచ్చి, "కువైట్‌లో మంచి ఇల్లు ఉంది, పిల్లల్ని చూసుకోవడమే పని" అన్నప్పుడు జులైలో మైకులో విన్న మాట గుర్తుకు రాదు. ఆ కబురు వచ్చిన రోజుకూ బండెక్కే రోజుకూ మధ్య కొద్ది వారాలు ఉంటాయి. సరైన ప్రశ్న ఆ వారాల్లోనే ఆ ఇంటికి చేరాలి. కింద చెప్పే అడుగులన్నీ అందుకోసమే.

మొదటి అడుగు: ముందు మనకు స్పష్టత రావాలి

అక్రమ రవాణా అనగానే చాలా మందికి పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా గుర్తొస్తుంది. అలాంటివీ ఉంటాయి. కానీ చట్టం చూసేది ఎత్తుకుపోవడం ఒక్కటే కాదు. మనిషిని పనికి చేర్చుకోవడం, తరలించడం, దాచిపెట్టడం, ఇంకొకరికి అప్పగించడం వంటి పని జరిగిందా? అందుకు బెదిరింపు, బలప్రయోగం, మోసం, అధికార దుర్వినియోగం, డబ్బు ఆశ వంటివి వాడారా? దాని వెనక ఉద్దేశం దోపిడీయా? ఈ మూడూ కలిస్తే అది నేరం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 143వ సెక్షన్. అంతకు ముందు ఐపీసీ 370. శిక్ష కనీసం 7 ఏళ్ళు, 10 ఏళ్ళ దాకా పడవచ్చు. బాధితులు పిల్లలైతే కనీసం 10 ఏళ్ళు, యావజ్జీవం దాకా వెళ్తుంది.

ఒక వాక్యం మాత్రం కంఠతా పట్టండి. బాధితుల సమ్మతి ఈ నేరంలో లెక్కకు రాదని చట్టమే చెబుతోంది. "ఆమే ఒప్పుకుని వెళ్ళింది కదా, మేమేం చేస్తాం?" అనే మాట రచ్చబండ దగ్గరా వినిపిస్తుంది, కొన్నిసార్లు ఫిర్యాదు రాసుకునే బల్ల దగ్గరా వినిపిస్తుంది. మోసపోయి ఒప్పుకోవడం ఒప్పుకోవడం కాదని అక్కడికక్కడే చెప్పగలగాలి.

అలాగే ప్రతి వలసా అక్రమ రవాణా కాదు. కష్టపడి సంపాదించి పంపే ఆడవాళ్ళను ఈ పేరుతో అవమానించవద్దు. వాళ్ళు మన మాట వినకపోవడం అక్కడి నుంచే మొదలవుతుంది.

రెండో అడుగు: ఊరి రాకపోకల పటం గీయండి

సమావేశం పెట్టే ముందు ఒక చార్టు మీద మీ ఊరు గీసి, ఎవరు ఎటు వెళ్తున్నారో బాణాలు వేయండి. గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్ళేవాళ్ళు, హైదరాబాదులో ఇళ్ళలో పనికి కుదిరిన అమ్మాయిలు, దూర రాష్ట్రాల సంబంధమని పెళ్ళి చేసి పంపిన పిల్లలు, ఫోనులో ప్రకటన చూసి కంప్యూటర్ ఉద్యోగమంటూ కంబోడియా, మయన్మార్ వైపు వెళ్ళిన డిగ్రీ కుర్రాళ్ళు. ఈ చివరిది కొత్త దారి. మన రాష్ట్రం నుంచి యువకులను కంబోడియాకు తీసుకెళ్ళి, నిర్బంధించి, ఆన్‌లైన్ మోసాలు చేయిస్తున్న వ్యవహారాన్ని 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. చదువుకున్నవాళ్ళకు ఇలాంటివి జరగవని అనుకునే ఇళ్ళలో ఈ సంగతి తప్పక చెప్పాలి.

తర్వాత లోపలికి వచ్చే బాణాలు వేయండి. ఇటుక బట్టీలకు, రొయ్యల చెరువులకు, రొయ్యల షెడ్లకు ఎవరు వస్తున్నారు? ఒడిశా నుంచి, ఉత్తరాంధ్ర నుంచి అడ్వాన్సు తీసుకుని కుటుంబాలతో వచ్చేవాళ్ళను మనం అసలు చూడం. మన ఆడపడుచు కువైట్‌లో పడే బాధ అర్థమైన ఊరికి తన చెరువుగట్టు మీది పాకలో ఉన్న కుటుంబం బాధ అర్థం కాకపోతే ఆ అవగాహన సగమే.

ఈ పటంలో పేర్లు రాయవద్దు. వీధులు, నెలలు, కారణాలు చాలు. ఏ నెలలో ఎక్కువగా వెళ్తున్నారు? బడి ఫీజులు కట్టే నెలా? కౌలు చెల్లించే నెలా? తుపాను వచ్చి పంట పోయిన ఏడాదా? ప్రచారం ఎప్పుడు చేయాలో ఆ పటమే చెబుతుంది.

మూడో అడుగు: కబురు ముందుగా తెలిసేవాళ్ళను కూడగట్టండి

జట్టు అనగానే పెద్దమనుషుల పేర్లు రాసుకుంటాం. వాళ్ళూ కావాలి. కానీ ఒక ఇంట్లో ప్రయాణం ఆలోచన మొదలైందని ముందుగా పసిగట్టేది వేరేవాళ్ళు. పాస్‌పోర్టు దరఖాస్తు నింపే నెట్ సెంటర్ కుర్రాడు, ఫొటో తీసే స్టూడియో ఆయన, ఆధార్ జిరాక్స్ తీసే దుకాణం, తాకట్టుకు నగలు పుచ్చుకునే వ్యాపారి, డ్వాక్రా సంఘంలో అప్పు ఎవరికి ఎందుకు కావాలో విన్న యానిమేటర్. వీళ్ళతో పాటు అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, సచివాలయంలోని మహిళా పోలీసు, పిల్ల నాలుగు రోజులు బడికి రాకపోతే ఆరా తీసే ఉపాధ్యాయుడు. నన్ను అడిగితే నెట్ సెంటర్‌తోనే మొదలుపెట్టమంటాను. అక్కడి బల్ల మీద అతికించిన ఒక్క కాగితం ఊరి మొదట్లో కట్టిన పది ఫ్లెక్సీల కంటే ఎక్కువ పని చేస్తుంది, ఎందుకంటే దాన్ని చదివేది ప్రయాణానికి సిద్ధమవుతున్న మనిషే.

ఒక జాగ్రత్త. ఏజెంటుకు మనిషిని చూపి కమీషన్ తీసుకునేది తరచూ ఊళ్ళో మనిషే, ఒక్కోసారి బంధువే. కొందరు తాము చేస్తున్నది నేరమని తెలియకే చేస్తారు, తామూ అదే దారిన వెళ్ళి వచ్చినవారై ఉంటారు. అందుకని సమావేశంలో ఎవరినీ వేలెత్తి చూపవద్దు. అనుమానం ఉంటే విడిగా పోలీసులకు చెప్పండి. నలుగురిలో పేరు పెట్టి నిందిస్తే ఊరు రెండుగా చీలుతుంది, బాధితురాలి ఇల్లు ఒంటరిదవుతుంది.

నాలుగో అడుగు: "వెళ్ళవద్దు" అనకండి, అడగాల్సిన ప్రశ్నలు చేతికివ్వండి

అసలు పని ఇక్కడే ఉంది. అప్పుల్లో ఉన్న మనిషికి "వెళ్ళకు" అని చెప్పడం సులువు, వినడం కష్టం. "వెళ్తే ఇవి అడుగు" అంటే వింటుంది. ఆ ప్రశ్నలను చిన్న చీటీగా, పెద్ద అక్షరాలతో అచ్చు వేయించండి. వాటి వెనక సంగతులు మాత్రం మీకు బాగా తెలిసి ఉండాలి.

"నీ లైసెన్సు నంబరెంత?" విదేశాలకు పనివాళ్ళను పంపాలంటే 1983 వలసల చట్టం కింద విదేశాంగ శాఖ దగ్గర నమోదై ఉండాలి. నమోదైన ఏజెంట్ల జాబితా ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. "ఫలానా కంపెనీ తరఫున" అని చెప్పుకునే ఊరి సబ్ ఏజెంటుకు ఆ చట్టంలో చోటు లేదు. పదో తరగతి పాస్ కానివాళ్ళ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అనే గుర్తింపు ఉంటుంది. అలాంటివాళ్ళు గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఈ పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళకు 30 ఏళ్ళు నిండి ఉండాలి. వాళ్ళ నియామకాలు ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలని కేంద్రం 2016లో నిబంధన పెట్టింది. మన రాష్ట్రంలో అందుకు ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది. పాతికేళ్ళ అమ్మాయికి "ఏం ఫరవాలేదు, నేను చూసుకుంటా" అని ఎవరైనా అన్నారంటే దారి మొదట్లోనే వంకర ఉన్నట్టు.

"నాది ఏ వీసా?" కోనసీమలో ఇరవై వీసా, పద్దెనిమిది వీసా అనే మాటలు పిల్లలకూ తెలుసు. కువైట్‌లో 20 ఇంటిపనికి, 18 ప్రైవేటు సంస్థల్లో పనికి. మోసగాళ్ళు ఎక్కువగా వాడేది మూడోది, విజిట్ వీసా. చుట్టపుచూపుగా వెళ్తున్నట్టు చూపిస్తే వలస అనుమతి పరిశీలన తప్పిపోతుంది. ఆ వీసా మీద దేశం దాటిన మనిషి ప్రభుత్వ లెక్కలో పనిమనిషి కాదు, పర్యాటకురాలు. గడువు తీరగానే నేరస్థురాలి కింద లెక్క. అప్పుడు ఫిర్యాదు చేయడానికీ ఆమెకు భయమే. ఈ ఒక్క సంగతి అర్థమయ్యేలా చెప్పగలిగితే మీ సమావేశం ఫలించినట్టే. "విజిట్ వీసా మీద పనికి వెళ్ళను" అని సభలో అందరి చేతా అనిపించండి.

"ఎంత కట్టాలి, రశీదు ఇస్తావా?" నమోదైన ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగినా, రశీదు ఇవ్వనన్నా ఆగిపోవాలి. దీనికి తిరగేసి ఇంకో వల ఉంది: "పైసా కట్టనక్కరలేదు, మేమే ఎదురు డబ్బిస్తాం". అలా ముందుగా చేతిలో పెట్టిన డబ్బే తర్వాత సంకెల అవుతుంది. "నీ మీద ఇంత ఖర్చు పెట్టాం, అది తీరేదాకా కదలడానికి లేదు" అంటారు.

"ఒప్పంద కాగితం ఏది?" ఎవరి ఇల్లు, ఎంత జీతం, ఎన్ని గంటలు, సెలవెప్పుడు అన్నవి ఆమెకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలి. కువైట్‌లో ఇంటిపనివాళ్ళ కోసం 2015లో చేసిన చట్టం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదని, వారానికి ఒక రోజు సెలవివ్వాలని, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని చెబుతోంది. చాలా ఇళ్ళలో అది అమలు కాకపోవచ్చు. అయినా హక్కు ఉందని తెలిసిన మనిషి సాయం అడిగే తీరు వేరుగా ఉంటుంది. పైగా మన పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి, అక్కడ పనిలో పెట్టుకునే ఏ కఫీలుదీ (యజమానిదీ) కాదు.

"బీమా చేయించారా?" ఈసీఆర్ పాస్‌పోర్టుతో పనికి వెళ్ళేవాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా వికలాంగులైనా 10 లక్షల రూపాయలు. ఇంత చవకైన బీమా చేయించని ఏజెంటు సక్రమమైన దారిన పంపడం లేదనే అర్థం.

ప్రశ్నలతో పాటు ఇంట్లో చేసుకోవాల్సిన ఏర్పాటూ చెప్పండి. పాస్‌పోర్టు, వీసా, టికెట్టు, ఒప్పందం, ఏజెంటు ఫొటో, అతని ఫోను నంబరు, ఇవన్నీ రెండు సెట్లు జిరాక్స్ తీసి ఒకటి పుట్టింట్లో, ఒకటి అత్తింట్లో ఉంచాలి. ఫోనులో యజమాని పక్కనే ఉన్నా బాధ తెలిపేలా ఒక గుర్తుమాట అనుకోవాలి. "కొబ్బరికాయలు దింపించారా?" అని అడిగితే "నేను ప్రమాదంలో ఉన్నాను" అని అర్థం అనుకోండి. ఆ ఫోను విన్న పక్కవారికి అది మామూలు ఇంటి కబురే.

అయిదో అడుగు: జనం దగ్గరికే వెళ్ళండి

ప్రత్యేకంగా సభ పెడితే వచ్చేవాళ్ళు వస్తారు. మనకు కావాల్సినవాళ్ళు రారు, వాళ్ళు పనిలో ఉంటారు. కాబట్టి డ్వాక్రా సంఘం సమావేశంలో పావుగంట అడగండి. ఆదివారం ఆరాధన తర్వాత పాస్టరుగారిని రెండు మాటలు చెప్పమనండి. కోనసీమ పేటల్లో ఆయన మాట ఎంత దూరం వెళ్తుందో అక్కడివారికి తెలుసు. గుడి దగ్గర, మసీదు దగ్గర కూడా అంతే. నర్సాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్ళు ఒకచోట కూర్చుని పని చేసుకునే వేళ వాళ్ళ చేతులు ఆపకుండానే మాట్లాడవచ్చు. అంతర్వేది తీర్థానికి, కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వచ్చే జనంలో చీటీలు పంచవచ్చు. క్రిస్మస్‌కు, సంక్రాంతికి గల్ఫ్ నుంచి సెలవుపై వచ్చినవాళ్ళు ఊళ్ళో ఉంటారు. అప్పుడే కొత్త ప్రయాణాల మాటలు కూడా నడుస్తాయి. ఏడాదిలో ఒక్క వారమే పని చేయగలిగితే ఆ వారం చేయండి.

బుర్రకథ దళాలు ఇంకా ఉన్న ఊళ్ళు అదృష్టం చేసుకున్నవి. కథకుడు కథ నడుపుతుంటే వంతలు అడిగే ప్రశ్నలే మన చీటీలోని ప్రశ్నలు కావచ్చు. అలాంటి కథ విన్నవాళ్ళకు చట్టం సెక్షను గుర్తుండకపోవచ్చు, "రశీదేదీ?" అనే వంతపాట గుర్తుంటుంది.

గ్రామసభల్లో తీర్మానం పెట్టించండి: బయటి దేశానికి పనికి వెళ్ళేవారి వివరాలు కుటుంబం కోరితే పంచాయతీలో గోప్యంగా భద్రపరచాలని. కోరితేనే. ఆడవాళ్ళు ఊరు దాటాలంటే పెద్దల అనుమతి కావాలనే దిశగా ఆ తీర్మానం జారకుండా చూసుకోండి, ఎందుకంటే అలా బిగిస్తే వాళ్ళు చెప్పకుండా వెళ్తారు, అది ఏజెంటుకే లాభం.

ఇక వాట్సాప్. "పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోంది" అనే సందేశాన్ని ఎన్నడూ ముందుకు పంపకండి. 2018లో అలాంటి వదంతులు నమ్మి మన దేశంలో చాలా చోట్ల అమాయకులను కొట్టి చంపారు. చనిపోయింది దారిన పోయే బిచ్చగాళ్ళు, వలస కూలీలు, భాష రానివాళ్ళు. మనం కాపాడాల్సింది కూడా వాళ్ళనే.

ఆరో అడుగు: తిరిగి వచ్చినవారి మాట

బాధ పడి వచ్చిన మనిషి చెప్పే పది మాటల ముందు మన ఉపన్యాసం నిలవదు. అందుకే వాళ్ళను వేదిక ఎక్కించాలని తొందరపడతాం. ఆ తొందర వద్దు. ఆమె తానుగా ముందుకు వస్తేనే, ఏం చెప్పాలో ఏం దాచుకోవాలో ఆమే నిర్ణయించుకున్నాకే. ఫొటో, వీడియో వద్దు. విలేకరులను పిలిచి ఆమెను చూపించడం అసలే వద్దు. బాధితులు పిల్లలైతే పేరు గానీ, బడి గానీ, ఊరు గానీ, గుర్తుపట్టే ఏ వివరం గానీ బయటపెట్టడం బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం.

వినేవాళ్ళను కూడా ముందే సిద్ధం చేయాలి. "అక్కడ ఏం జరిగిందో, చెప్పదు గానీ..." అని గుసగుసలాడే నోళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటాయి. ఆ నోళ్ళకు భయపడే ఎంతోమంది ఫిర్యాదు చేయరు. కాబట్టి సమావేశం మొదట్లోనే గట్టిగా చెప్పండి: సిగ్గుపడాల్సింది మోసం చేసినవాడు, మోసపోయి ప్రాణాలతో బయటపడిన మనిషి కాదు.

ఏడో అడుగు: అనుమానం వచ్చిన రోజు ఏం చేయాలో ముందే రాసి పెట్టుకోండి

ప్రయాణం ఇంకా జరగలేదంటే సమయం ఉన్నట్టే. ఏజెంటు వివరాలు, కాగితాల ఫొటోలు తీసుకుని పోలీసులకు ఇవ్వండి. అత్యవసరమైతే 112. ఆడవాళ్ళకు 181, పిల్లలకు 1098, రైల్లోనో స్టేషనులోనో అనుమానం వస్తే 139. రాజమండ్రి స్టేషనులో ఒక అపరిచితుడి వెంట బెదురుగా కూర్చున్న నలుగురు పిల్లల్ని చూస్తే మీరు వాదనకు దిగకుండా ఆ నంబరుకు ఫోను చేసి, బోగీ, బండి వివరాలు చెప్పండి. ఆన్‌లైన్ ఉద్యోగ మోసమైతే 1930.

మనిషి అప్పటికే విదేశం చేరి ఇరుక్కుపోతే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి, ప్రవాసీ సహాయ కేంద్రం 1800 11 3090కి ఫోను చేయాలి. ఇక్కడే ఆ జిరాక్స్ కాగితాలు ప్రాణం పోస్తాయి. పాస్‌పోర్టు నంబరు, యజమాని పేరు తెలిస్తే రాయబార కార్యాలయం వెతకగలదు. "కువైట్‌లో ఎక్కడో" అంటే వెతకడం చాలా కష్టం. ఇక్కడ ఏజెంటు మీద కేసు కూడా పెట్టాలి. నేరం మా పరిధిలో జరగలేదనే కారణంతో ఏ స్టేషనూ తిప్పి పంపకూడదు, జీరో ఎఫ్‌ఐఆర్ రాసుకోవాల్సిందే. పిల్లలు కనిపించకుండా పోతే వెంటనే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2013లోనే ఆదేశించింది. నాలుగు నెలల్లో ఆచూకీ దొరకకపోతే ఆ కేసు మనుషుల అక్రమ రవాణా నిరోధక విభాగానికి వెళ్ళాలి. ఎక్కడ అడ్డంకి వచ్చినా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, నంబరు 15100.

బట్టీలోనో చెరువు దగ్గరో అడ్వాన్సు పేరుతో కట్టిపడేసిన కుటుంబం కనబడితే కలెక్టరుకు, ఆర్డీవోకు లిఖితంగా తెలియజేయండి. 1976 నుంచి వెట్టిచాకిరీ నిషిద్ధం, ఆ అప్పు చట్టం దృష్టిలో రద్దయిపోయినట్టే. విడుదలైన వారికి తక్షణ సాయంగా 30,000 రూపాయల దాకా, తర్వాత పునరావాసానికి పరిస్థితిని బట్టి ఒకటి నుంచి మూడు లక్షల రూపాయల దాకా వస్తుంది. విడుదల ధ్రువపత్రం చేతికి వచ్చేదాకా వెంటపడండి.

మీరే కుర్రాళ్ళను వెంటేసుకుని తలుపులు పగలగొట్టి విడిపించాలని మాత్రం చూడకండి. సాక్ష్యం పోతుంది, మనుషులను రాత్రికి రాత్రి వేరే చోటికి మారుస్తారు, దెబ్బ ఆ లోపలున్నవారికే తగులుతుంది.

ఎనిమిదో అడుగు: లెక్క

ఎంతమంది సభకు వచ్చారో రాసుకోవడం సులువు, దాంతో తెలిసేది తక్కువ. దాని బదులు ఒక నోటు పుస్తకం పెట్టి ఇవి రాయండి: ఈ నెలలో ఏజెంటు లైసెన్సు చూసి పెట్టమని ఎంతమంది వచ్చారు? విజిట్ వీసా అని తెలిసి ఎందరు ఆగారు? కాగితాల జిరాక్సులు ఎన్ని ఇళ్ళలో చేరాయి? ఎన్ని ఫిర్యాదులు ఎఫ్‌ఐఆర్ దాకా వెళ్ళాయి? మొదటి రెండు మూడు నెలలు ఆ పేజీలు ఖాళీగానే ఉండవచ్చు. అడగడానికి వచ్చే మొదటి మనిషి తన గురించి అడగదు, "మా తోడికోడలు వెళ్తానంటోంది, ఒకసారి చూసి చెప్తారా?" అంటుంది. ఎవరి కోసమని ఆరా తీయకుండా, నంబరు తీసుకుని ఆమె ఎదుటే ఈ-మైగ్రేట్‌లో చూపించండి. చీటీ ఒకటి ఎక్కువగా చేతిలో పెట్టి పంపండి.